మోకాలికి స్కానింగ్ ఎందుకు? తెరపై చూస్తూ సూది వేయడంలోని మేలు, హద్దులు

హనుమకొండలోని ఒక ఆసుపత్రిలో స్కానింగ్ గది ముందు మా పెద్దమ్మతో కూర్చున్నాను. అటూ ఇటూ ఉన్నవాళ్లంతా గర్భిణులే. గోడ మీద "ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు" అన్న బోర్డు ఉంది. పెద్దమ్మ కాసేపు అన్నీ పరికించి, నా చెవి దగ్గరకు వంగి, "ఇది కడుపుతోని ఉన్నోళ్లకు తీసే జాగ గదా బిడ్డా, నా మోకాలుకు ఈడేం పని?" అని అడిగింది. నర్సంపేట దగ్గరి పల్లెలో నలభై ఏళ్లు నాట్లు వేసి, పత్తీ మిర్చీ ఏరిన మనిషి ఆమె. స్కానింగ్ అంటే కడుపుకు తీసేదని, మోకాలికైతే ఎక్స్‌రే అని ఆమెకు తెలుసు. అప్పటికే రెండుసార్లు మోకాలికి సూది వేయించుకుంది కాబట్టి, దానికి ఏ యంత్రమూ అక్కరలేదని కూడా తెలుసు. అందుకే ఆ ప్రశ్నకు సరైన జవాబు ఇవ్వాలంటే, అంతకుముందు వేసిన ఆ రెండు సూదుల దగ్గర మొదలుపెట్టాలి.

మొదటి సూదితో ఆమెకు దాదాపు మూడు నెలలు నొప్పి తగ్గింది. ఏడాది తర్వాత అదే మోకాలికి అదే మందు వేస్తే ఒక్క రోజు కూడా ఉపశమనం రాకపోగా, చిప్ప పక్కన రెండు రోజులు వాపు, సలుపు మిగిలాయి. మందు పనిచేయలేదని ఇంట్లో అందరం అనుకున్నాం. మందు కీలు లోపలికి చేరి పనిచేయలేదా, లేక కీలులోకి చేరనే లేదా అన్నది ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కంటికి కనిపించకుండా వేసే సూదిలోని అసలు చిక్కు ఇదే. ఫలితం రానప్పుడు లోపం మందుదో, సూది దిగిన చోటుదో తేల్చుకునే దారి ఉండదు. ఈ రెంటినీ విడదీసి చూడగలగడమే అల్ట్రాసౌండ్, అంటే ఆ గదిలోని స్కానింగ్, సాయంతో వేసే ఇంజెక్షన్ వల్ల కలిగే మొదటి మేలు.

మోకాలి కీలు పైనుంచి చూస్తే చాలా పెద్దది. తొడ ఎముక, కాలి ఎముక, ముందువైపు చిప్ప, వాటి చివర్లపై నున్నని మృదులాస్థి, చుట్టూ ఒక పలుచని పొర. ఈ మృదులాస్థినే మన వైపు "గుజ్జు" అంటారు. "గుజ్జు అరిగింది" అని డాక్టర్ చెప్పినప్పుడు జనం ఏదో మెత్తని పదార్థం కరిగిపోయిందని ఊహించుకుంటారు కానీ, అది ఎముక చివరను అంటిపెట్టుకుని ఉండే, కొద్ది మిల్లీమీటర్ల మందమున్న గట్టి పొర. చుట్టూ ఉన్న పలుచని పొర ఊరించే ద్రవం ఆరోగ్యకరమైన మోకాలిలో 3, 4 మిల్లీలీటర్లకు మించదు, అంటే ఒక చిన్న చెంచాడు కూడా ఉండదు. అంత పెద్ద కీలులో మందు చేరవలసిన ఖాళీ మాత్రం ఒకదానికొకటి అంటుకుపోయిన రెండు పొరల నడుమ సందంత. సూది మొన ఆ సందులో కాకుండా చిప్ప కింది కొవ్వు మెత్తలోనో, పొర మందంలోనో, పక్కనున్న స్నాయువులోనో (కండరాన్ని ఎముకకు కట్టే తాడులోనో) ఆగిపోవడానికి రెండు మూడు మిల్లీమీటర్ల తేడా చాలు.

చేతివేళ్లతో చిప్ప అంచులను తడిమి, ఎముక గుర్తులను బట్టి సూది వేసే పద్ధతి చాలా పాతది. ఫిలడెల్ఫియాకు చెందిన జోసెఫ్ హాలండర్ 1951లో కీళ్లలోకి హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ మందు ఇచ్చిన అనుభవాలను ప్రచురించినప్పటి నుంచీ ప్రపంచమంతటా కోట్లాది మోకాళ్లకు అలాగే వేశారు, ఇప్పటికీ వేస్తున్నారు. అనుభవమున్న చేతికి అది తప్పు పద్ధతి కాదు. మోకాలిలో నీరు బాగా నిండి ఉన్నప్పుడైతే చర్మం కిందే నీరు నిండిన కీలు సంచి ఉబ్బి తగులుతుంది కాబట్టి గురి తప్పడం అరుదు. చిక్కంతా నీరు లేని, ఎండిన మోకాళ్లతోనే వస్తుంది. 2002లో అమెరికాలో ఒక ఎముకల డాక్టర్ నీరు లేని మోకాళ్లకు వరుసగా వేసిన 240 సూదులను ఎక్స్‌రే తెరపై సరిచూశారు. చిప్ప బయటి అంచు మధ్య నుంచి వేసినప్పుడు 93 శాతం సూదులు కీలు లోపలికి చేరాయి. మోకాలు మడిచి, చిప్ప కింద ముందువైపు నుంచి వేసినప్పుడు ఒక పక్క 71 శాతం, మరో పక్క 75 శాతం మాత్రమే చేరాయి. ఒకే మనిషి, ఒకే చెయ్యి, అయినా దారి మారేసరికి ప్రతి నాలుగింటిలో సుమారు ఒకటి గురి తప్పింది. అప్పటివరకు వచ్చిన పరిశోధనలను కలిపి 2012లో చేసిన ఒక సమీక్షలో, అల్ట్రాసౌండ్‌తో వేసినవి దాదాపు 96 శాతం, చేతి గుర్తులతో వేసినవి దాదాపు 78 శాతం సరైన చోటికి చేరినట్లు తేలింది.

లోపల గది చీకటిగా ఉంది. పెద్దమ్మను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలి కింద చుట్టిన తువాలు పెట్టి, కాలు కొంచెం మడిచేలా ఉంచారు. డాక్టర్ చిప్పకు పైన, తొడ పొడవునా ప్రోబ్ (ధ్వనిని పంపి, తిరిగి అందుకునే చేతి పరికరం) ఆనించగానే తెర మీద పొరలు పొరలుగా బొమ్మ తేలింది. అన్నిటికంటే పైన చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద తాడు పేనినట్లు సన్నని గీతలతో తొడ కండరపు స్నాయువు, అట్టడుగున తొడ ఎముక ఒక మెరిసే తెల్లని గీతలా. స్నాయువుకూ ఎముకకూ నడుమ, రెండు కొవ్వు మెత్తల మధ్య ఇరుక్కుని, చింతాకులా పొడుగ్గా సాగిన ఒక నల్లని మచ్చ. "అమ్మా, ఆ నల్లగ కనబడుతుంది చూడు, అదే నీరు" అన్నారాయన. "నీళ్లు నల్లగుంటయా సారూ?" అని పెద్దమ్మ తల పైకెత్తి చూసింది.

ఆమె అడిగినది చాలా సరైన ప్రశ్న. అల్ట్రాసౌండ్ రంగును చూసే యంత్రం కాదు, ప్రతిధ్వనిని లెక్కించే యంత్రం. మన చెవి సెకనుకు 20,000 కంపనాలకు పైబడిన ధ్వనిని వినలేదు. మోకాలికి వాడే చదునైన ప్రోబ్ పంపే ధ్వని సెకనుకు సుమారు 50 లక్షల నుంచి కోటిన్నర కంపనాల వరకు ఉంటుంది. అది శరీరపు మెత్తని కణజాలంలో సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగంతో ప్రయాణిస్తూ, ఒక పదార్థం ముగిసి మరొకటి మొదలయ్యే ప్రతి హద్దు దగ్గరా కొంత వెనక్కి తిరుగుతుంది. తిరిగి వచ్చిన సమయాన్ని బట్టి లోతును, బలాన్ని బట్టి వెలుగును యంత్రం గీస్తుంది. ఎముక ధ్వనిని దాదాపు మొత్తంగా తిప్పికొడుతుంది కాబట్టి తెల్లగా మెరుస్తుంది, దాని వెనుక ఏముందో తెలియదు. తేటనీటిలో హద్దులేవీ ఉండవు, ప్రతిధ్వని రాదు, అందుకే నలుపు. కంపనాల సంఖ్య పెరిగేకొద్దీ బొమ్మ స్పష్టంగా వస్తుంది కానీ ధ్వని లోతుకు చేరదు. మోకాలి ముందుభాగంలో సంచి చర్మానికి దగ్గరలోనే ఉంటుంది కనుక ఈ పరికరానికి అది అనువైన చోటు. అదే కీలు నడిమధ్యలో, ఎముకల చాటున ఉండే క్రూసియేట్ లిగమెంట్ల (ఎముకను ఎముకకు కట్టే పట్టీల) వంటి వాటికి ఎంఆర్ఐ అవసరమవుతుంది. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఏమీ లేదు. పైగా ఎక్స్‌రే ఒక క్షణాన్ని పట్టి చూపిస్తే, ఇది కదులుతున్న కాలిని కదులుతుండగానే చూపిస్తుంది.

సూది వేసే ముందు ఆయన ప్రోబ్‌ను తొంభై డిగ్రీలు తిప్పి, తొడకు అడ్డంగా పెట్టారు. సూది మోకాలి బయటి పక్క నుంచి, ప్రోబ్ పొడవుకు సరిగ్గా సమాంతరంగా వెళ్లాలి. అల్ట్రాసౌండ్ పుంజం ఒక పలుచని అట్టముక్క అంత మందమే ఉంటుంది కాబట్టి, సూది ఆ పుంజంలోనే నడిస్తే మొదలు నుంచి మొన వరకు వెండి తీగలా కనిపిస్తుంది. ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగితే సూది నడుము మాత్రమే కనిపించి మొన మాయమవుతుంది. అప్పుడు చూస్తున్నవారు నడుమునే మొన అనుకునే ప్రమాదం ఉంది. యంత్రం ఉన్నంత మాత్రాన గురి కుదరదు అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఒక చేత్తో ప్రోబ్‌ను కదలకుండా పట్టుకుని, కళ్లు తెర మీద ఉంచి, రెండో చేత్తో సూదిని నడపడం నేర్చుకుంటే వచ్చే విద్య. అలాగే ప్రోబ్‌ను గట్టిగా అదిమితే కొద్దిపాటి నీరు పక్కలకు జరిగిపోయి, ఉన్న నీరు లేనట్లే కనిపిస్తుంది. పెద్దమ్మ మోకాలి మీద ఆయన ప్రోబ్‌ను దాదాపు ఆనీ ఆననట్లు పెట్టి, రెండో చేత్తో చిప్ప రెండు పక్కలా మెల్లగా పిండారు. నల్లని మచ్చ ఒక్కసారిగా రెండింతలు ఉబ్బింది.

మత్తు మందు ఇచ్చిన తర్వాత సూది దిగింది. తెర మీద వెండి తీగ మొన నల్లని మచ్చ అంచును ఒక్క క్షణం లోపలికి నొక్కి, ఆ తర్వాత పుటుక్కున దాటింది. సిరంజిలోకి తేనెరంగు తేట నీరు సుమారు 20 మిల్లీలీటర్లు వచ్చింది. తెర మీద సంచి గాలి తీసిన ప్లాస్టిక్ కవరులా ముడుచుకుపోయింది. సూదిని అక్కడే ఉంచి సిరంజి మార్చి మందు ఎక్కించినప్పుడు తెల్లని నలకలు సుడి తిరుగుతూ సంచి అంతటా పాకాయి. మందు సరైన చోటికి చేరిందనడానికి అదే రుజువు. కీలులోకి చేరిన మందు ఇలా పరుచుకుంటుంది, చేతికి అడ్డు తగలదు. కొవ్వులోనో పొరలోనో పడిన మందు మొన దగ్గరే గుండ్రని బుడగలా నిలిచిపోతుంది, సిరంజి బరువెక్కుతుంది. నీరు అసలే లేని మోకాలికైతే ముందు కొద్దిగా మత్తు మందు వదిలి, అంటుకుపోయిన పొరలు విడివడటం చూసుకుని, ఆ తర్వాతే అసలు మందు ఇస్తారు. చోటు తప్పితే మందు వృథా కావడంతో సరిపోదు. స్టెరాయిడ్ చర్మం కింది కొవ్వులో పడితే అక్కడ గుంత పడి చర్మం తెల్లబారవచ్చు, స్నాయువులో పడితే ఆ తాడు బలహీనపడవచ్చు. జెల్లీ ఇంజెక్షన్ అని జనం పిలిచే హైలురోనిక్ యాసిడ్ చిక్కగా ఉంటుంది కాబట్టి కీలు బయట పడితే నొప్పి ఎక్కువగా ఉంటుంది.

"ఒక్కసారి నీళ్లు తీయించుకుంటే మళ్లీ మళ్లీ తీయించుకోవాల్సిందే" అన్న మాట మన ఊళ్లలో బలంగా నాటుకుపోయింది. ఆ భయంతో వాచిన మోకాలితోనే నెలల తరబడి కుంటుతూ తిరిగేవాళ్లను నేను చూశాను. తీయడం వల్ల నీరు ఊరదు. లోపలి పొర మంటతో, అంటే వాపెక్కి, ఉన్నంతకాలం, తీసినా తీయకపోయినా ఊరుతూనే ఉంటుంది. పైగా కీలులో నీరు నిండితే తొడ ముందు కండరాన్ని శరీరం తనంతట తానే సడలిస్తుంది. మెట్లు దిగేటప్పుడు కాలు ఒక్కసారిగా జారినట్లు అనిపించడానికి అది ఒక కారణం. నీరు తీసిన వెంటనే పెద్దమ్మ కాలు తేలికపడింది అన్నదంటే మందు అప్పటికే పనిచేసిందని కాదు, లోపలి ఒత్తిడి తగ్గిందని. తీసిన నీటిలో సమాచారం కూడా ఉంటుంది. తేటగా పసుపుగా ఉంటే ఒక అర్థం, మసకగా చీములా ఉంటే మరొకటి. పరీక్షకు పంపితే గౌట్ (కీళ్లలో యూరిక్ యాసిడ్ పేరుకునే జబ్బు) స్ఫటికాలు బయటపడవచ్చు. చీము పట్టిందన్న అనుమానం ఉంటే స్టెరాయిడ్ ఇవ్వనే కూడదు. వివిధ కీళ్లు కలిపి 148 కీళ్లపై చేసి 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో, తెర చూస్తూ వేసినప్పుడు చేతికి అందని నీరు కూడా ఎక్కువగా దొరికినట్లు, సూది వేసేటప్పటి బాధ, రెండు వారాల తర్వాతి నొప్పి రెండూ తక్కువగా ఉన్నట్లు తేలింది.

ఇక్కడి దాకా చదివినవారు, అయితే ప్రతి మోకాలికీ ఇలాగే వేయాలి కదా అనుకోవచ్చు. నేను అలా అనలేను. సూది చోటు ఖచ్చితం కావడం వేరు, నొప్పి ఎక్కువ కాలం తగ్గడం వేరు. స్టెరాయిడ్ ఉపశమనం ఎలా వేసినా ప్రధానంగా కొన్ని వారాలదే. కీలు దగ్గర పడిన మందులో కొంత చుట్టుపక్కలకు పాకి, రక్తంలో కలిసి కూడా పనిచేస్తుంది కాబట్టి, గురి తప్పిన సూది కూడా కొందరికి మేలు చేస్తుంది. రెండు మూడు నెలలు గడిచేసరికి రెండు పద్ధతుల మధ్య తేడా సన్నబడుతుంది. అమెరికాలోని కీళ్ల జబ్బుల వైద్యుల సంఘమైన అమెరికన్ రుమటాలజీ కాలేజీ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంజెక్షన్‌కు అల్ట్రాసౌండ్ సాయం తప్పనిసరి అన్నంత గట్టిగా చెప్పింది తుంటి కీలు విషయంలోనే. మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను సిఫారసు చేసినా, అక్కడ తెర సాయం తప్పదని అనలేదు. నా అభిప్రాయంలో యంత్రం నిజంగా అక్కరకు వచ్చేది కొందరికి. లావుగా ఉండి చిప్ప అంచులు చేతికి తగలనివారికి, నీరు లేని మోకాలికి, అరుగుదల ముదిరి ఎముక మొనలు పెరిగి దారి మూసుకుపోయిన మోకాలికి, పాత ఆపరేషన్ మచ్చలున్నవారికి, ఒకసారి వేసిన సూది ఏమాత్రం పనిచేయనివారికి.

మోకాలి వెనుక, పిక్క పైభాగాన వచ్చే బేకర్ తిత్తి విషయం మాత్రం వేరు. కీలులో పెరిగిన నీరు వెనుకవైపు రెండు కండరాల స్నాయువుల సందులోంచి బయటికి పొంగి సంచి కడుతుంది. అది పగిలితే నీరు పిక్కలోకి దిగి కాలు ఎర్రగా వాచి, రక్తం గడ్డకట్టినప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. ఈ రెంటికీ చికిత్సలు పూర్తిగా వేరు, పొరపడితే ప్రమాదం. ఈ తేడాను అల్ట్రాసౌండ్‌తో పట్టవచ్చని 1972లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. ఆ తిత్తి పక్కనే కాలికి రక్తం తీసుకెళ్లే ప్రధాన ధమని, నరం ఉంటాయి కనుక అక్కడ తడుముకుంటూ సూది వేయడం తగదు.

తెర మీద ఎంత స్పష్టంగా కనిపించినా, ఎక్కిస్తున్న మందు గుణం మారదన్నది మరువరాదు. 140 మంది మీద జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రతి మూడు నెలలకోసారి రెండేళ్లపాటు 40 మిల్లీగ్రాముల ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ వేయించుకున్నవారికి, ఉప్పునీరు వేయించుకున్నవారితో పోలిస్తే మృదులాస్థి ఎక్కువగా పలచబడింది, నొప్పిలో మాత్రం తేడా లేదు. అంటే "నొప్పి లేచినప్పుడల్లా ఒక సూది" అన్న లెక్క గుజ్జుకు మంచిది కాదు. అలాగే మన రక్తంలోని ప్లేట్‌లెట్లను వేరుచేసి ఎక్కించే పీఆర్‌పీ పేరుతో ఇప్పుడు పెద్ద మొత్తాలు అడుగుతున్నారు. 2019 నాటి ఆ మార్గదర్శకాలు మోకాలి అరుగుదలకు దాన్ని వద్దని గట్టిగా, హైలురోనిక్ యాసిడ్‌ను వద్దని కొంత మెత్తగా చెప్పాయి. అవి తెర చూస్తూ వేస్తారు కాబట్టి మేలైనవి అని ఎవరైనా చెబితే, రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తున్నారని అర్థం.

మన వైపు మరికొన్ని సంగతులు. షుగర్ ఉన్నవారికి ఈ సూది తర్వాత కొన్ని రోజులు రక్తంలో చక్కెర బాగా పెరుగుతుంది, మాత్రలు మానకుండా రోజూ చూసుకోవాలి. మోకాలి మార్పిడి ఆపరేషన్ దగ్గర్లో ఉంటే, దానికి ముందు మూడు నెలల లోపు స్టెరాయిడ్ వేయించుకోకూడదు, ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్ మామూలుగా చాలా అరుదే అయినా, అల్ట్రాసౌండ్‌తో అదనంగా ఒక జాగ్రత్త అవసరం. అందరికీ వాడే జెల్ డబ్బా క్రిమిరహితం కాదు, కనుక ప్రోబ్‌కు తొడుగు, విడిగా క్రిమిరహిత జెల్ వాడుతున్నారో లేదో అడగడంలో తప్పు లేదు. సూది వేసిన తర్వాత జ్వరం, కాలు కదపలేనంత నొప్పి, ఎర్రదనం వస్తే మర్నాడు కాదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి ఇంత పని కోసం హనుమకొండ దాకా ఎందుకు రావాలి అన్న ప్రశ్నకు ఆ గోడ మీది బోర్డే కొంత జవాబు. ఆడశిశువుల భ్రూణహత్యలను ఆపడానికి 1994లో వచ్చిన చట్టం ప్రకారం అల్ట్రాసౌండ్ యంత్రాలను జిల్లా అధికారుల వద్ద నమోదు చేయించాలి, ఎవరు ఎక్కడ వాడతారో రాసివ్వాలి, అనుకున్నప్పుడు సంచిలో పెట్టుకుని ఊరూరా తిప్పడం కుదరదు. ఆ చట్టం అవసరాన్ని నేను మనసారా ఒప్పుకుంటాను. దాని వల్ల చిన్న ఎముకల క్లినిక్కులు మోకాళ్ల కోసమని యంత్రం పెట్టుకోవడానికి వెనుకాడతాయన్నది మాత్రం నిజం. ఆ ఖాళీలో ఊళ్లో దొరికేది ఆర్‌ఎంపీ పిర్రకు వేసే సూది. అందులో స్టెరాయిడ్ ఉందో లేదో కూడా చెప్పరు. రెండు రోజులు నొప్పి పోతుంది, మందు మోకాలికి కాక ఒళ్లంతటికీ పోతుంది, నెలకు రెండుసార్లు అలా వేయించుకునేవాళ్ల ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది.

నాలుగు నెలల తర్వాత పెద్దమ్మకు మళ్లీ నొప్పి మొదలైంది. ఈసారి ఆమే "సూది వేయించుకుందాం పద" అని బయలుదేరింది. అదే గది, అదే తువాలు. డాక్టర్ ప్రోబ్ పెట్టి, అడ్డంగా నిలువుగా చూసి, చిప్ప పక్కలను పిండి చూశారు. నల్లని మచ్చ లేదు. రక్త ప్రసరణను రంగుల్లో చూపించే మీట నొక్కితే పొర మీద రంగు చుక్క ఒక్కటి కూడా పడలేదు. లోపల మంట లేదన్నమాట. ఆయన సూదుల పళ్లెం పక్కకు జరిపి, పెద్దమ్మను మంచం అంచున కూర్చోబెట్టి, కాలు నిటారుగా చాపి పది లెక్కపెట్టేదాకా ఉంచమన్నారు. ఆరు దగ్గరే కాలు వణికి కిందికి దిగింది. తొడ కండరం సన్నబడింది, నొప్పి ఇప్పుడు దాని వల్ల వస్తోంది, ఆరు వారాలు కసరత్తు చేయాలి అని చెప్పి, ఫిజియోథెరపీకి చీటీ రాశారు.

"సూది లేకుండనే పంపుతున్నవా సారూ?" అంది పెద్దమ్మ.

"సూది వేసే జాగ లేదమ్మా ఈసారి" అని ఆయన తెరను ఆమె వైపు తిప్పారు. పెద్దమ్మ కాసేపు ఆ తెల్లని ఎముక గీతకు పైన నలుపు కోసం వెతికి, కనబడక, చెప్పులేసుకుంది.